వామనగుంటల్లో సుడులు

"మావయ్యా, సూపర్‌కండక్టర్‌లో రెసిస్టెన్స్ సున్నా అంటారు. అయస్కాంతం పెడితే మళ్లీ ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?" ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో పనిచేసే మా మేనల్లుడి ప్రశ్న ఇది. కొండపల్లిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఇలాంటిది అడిగితే వదలను.

నయోబియం పొరను మైనస్ 264 డిగ్రీల కిందికి చల్లబరిస్తే కరెంటు నష్టం లేకుండా పారుతుంది. నిలువునా అయస్కాంత క్షేత్రం పెడితే అది సన్నని పోగులుగా విడిపోయి పొరలోకి దిగుతుంది. ఒక్కో పోగు చుట్టూ కరెంటు సుడి తిరుగుతుంటుంది. ఏ సుడి మోసే అయస్కాంత ప్రవాహమైనా ఒకటే, రవ్వంత తేడా ఉండదు. భౌతిక శాస్త్రవేత్త అబ్రికోసోవ్ 1957లో కాగితం మీదే దీన్ని తేల్చాడు. నోబెల్ మాత్రం 2003లో ఇచ్చారు.

సుడి కదలనంతసేపూ ఇబ్బంది లేదు. కానీ కరెంటు పంపితే అది సుడిని పక్కకు నెడుతుంది. సుడి జరిగిందా, వోల్టేజి పుట్టినట్టే, పొర వేడెక్కినట్టే. మావాడికి జవాబు ఇదే. క్షేత్రం పెంచేకొద్దీ సుడులు పెరుగుతాయి, రెసిస్టెన్సూ పెరుగుతుంది.

వాటిని ఆపే ఉపాయం నాకు భలే నచ్చుతుంది: మంచి పొరకు కావాలని చిల్లులు పెట్టడం! సుడి నడిమధ్యలో సూపర్‌కండక్టివిటీ చచ్చిపోవాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. చిల్లులో చంపడానికి ఏమీ లేదు గనక సుడి అక్కడికే చేరుతుంది. 1978లో ఫయొరీ, హెబార్డ్, సోమెక్ అల్యూమినియం పొరకు వరసగా చిల్లులు వేసి చూశారు. 1997లో మార్టిన్, షుల్లర్ బృందం చిల్లులకు బదులు నయోబియం కింద నికెల్ చుక్కలు పేర్చింది.

వామనగుంటల పీటలో గుంటకో చింతగింజ పడితే చేతిలో ఏదీ మిగలదు కదా. చతురస్రపు గళ్లలో చిల్లుల మధ్య దూరం ఒక మైక్రాన్ అయితే, 20.7 గాస్ క్షేత్రం దగ్గర చిల్లుకో సుడి. అక్కడ గ్రాఫులో రెసిస్టెన్స్ గీత కిందికి దిగుతుంది. కాస్త పెంచితే మిగులు సుడులు కదులుతాయి, గీత లేస్తుంది. 41.4 దగ్గర మరో పల్లం. రెండో సుడి అదే చిల్లులో ఇరుక్కుంటుందా, నడుమ నిలుస్తుందా అన్నది చిల్లు సైజును బట్టి ఉంటుంది.

అలాగని ప్రతి పల్లాన్నీ చిల్లుల పట్టు ఖాతాలో వేయకండి. చిల్లులు మరీ దగ్గరైతే మధ్యలో మిగిలేది సన్నని తీగలే. అప్పుడు సూపర్‌కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రతే క్షేత్రంతో పాటు ఊగుతుంది. 1962లో లిటిల్, పార్క్స్ సన్నని గొట్టంలో చూసింది అదే. రెండింటినీ విడదీయడం పరిశోధకులకే తలనొప్పి.

ముద్దగా తయారయ్యే సూపర్‌కండక్టర్లకు ఇలా గళ్లు వేయడం కుదరదు. జపాన్‌లోని షిబౌరా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యులు, 2021 ప్రవాసీ భారతీయ సమ్మాన్ గ్రహీత, మన తెలుగువారు మిర్యాల మురళీధర్ వాటిలో నానో రేణువులు కలిపి సుడులను పట్టి ఉంచే పని చేశారు. ఆ పదార్థాలకు ద్రవ హీలియం అక్కర్లేదు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ చాలు.