గోదావరి వరద లెక్కతో ముంపు పొలంలో సాగు నిర్ణయం

భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఈ అంకెలతో మీ పొలం ఎన్నేళ్లకోసారి మునుగుతుందో మీరే అంచనా వేసుకోవచ్చు.

లెక్క వేసే విధానం

1. గేజి వద్ద ఎన్ని అడుగులు ఉన్నప్పుడు మీ పొలంలోకి నీరు వస్తుందో గుర్తించండి. వాగు ఎగదన్ని వచ్చే నీటినీ లెక్కలోకి తీసుకోండి.
2. కనీసం 20 ఏళ్లకు, ఒక్కో ఏడాది వచ్చిన అత్యధిక నీటిమట్టాన్ని రాసుకోండి. కేంద్ర జల సంఘం ఇక్కడ నీటిమట్టాన్ని నమోదు చేస్తుంది.
3. మీ పొలం మునిగే మట్టాన్ని ఎన్ని ఏళ్లలో నీరు తాకిందో లెక్కించండి.
4. మొత్తం ఏళ్లకు 1 కలిపి, ఆ సంఖ్యతో భాగించండి.

ఉదాహరణకు 20 ఏళ్లలో 5 సార్లు మునిగితే, 21ని 5తో భాగించగా 4.2 వస్తుంది. అంటే సగటున నాలుగేళ్లకోసారి ముంపు.

పొరపాటు పడకండి

నాలుగేళ్లకోసారి అంటే నిరుడు మునిగింది కాబట్టి మరో మూడేళ్లు భయం లేదని కాదు. ప్రతి ఏడాదీ ముంపు అవకాశం దాదాపు 24 శాతం ఉంటుంది. వరుసగా రెండేళ్లు కూడా మునగవచ్చు. నాలుగేళ్లలో ఒక్కసారైనా మునిగే అవకాశం 66 శాతం. 'వందేళ్ల వరద' అన్నా అంతే, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం ఉన్న వరద అని అర్థం.

పెట్టుబడికి అన్వయించండి

ఖరీఫ్‌లో ఎకరాకు రూ.30,000 ఖర్చు పెడుతున్నారనుకుందాం. 21 ఏళ్లలో 5 సార్లు పంట పూర్తిగా పోతే నష్టం రూ.1,50,000. మిగిలిన 16 ఏళ్లకు పంచితే ఏడాదికి రూ.9,375. మునగని ఏడాది ఖర్చులు పోను ఇంతకన్నా ఎక్కువ మిగిలితేనే ఆ పంట గిట్టుబాటు. మిగలకపోతే ఖరీఫ్‌లో తక్కువ ఖర్చు పంట వేయండి, లేదా వరద తగ్గాక మొక్కజొన్న, మినుము వంటివి వేసుకోండి. కౌలు మాట్లాడుకునేటప్పుడు, బీమా చేయించేటప్పుడు కూడా ఈ లెక్క పనికొస్తుంది.

గమనిక: ఇది అంచనా మాత్రమే. కరకట్టలు, ప్రాజెక్టులు వస్తే నీటి తీరు మారుతుంది. ఏటా కొత్త అంకె చేర్చి మళ్లీ లెక్క వేయండి. వరద సమయంలో మాత్రం అధికారుల హెచ్చరికలనే పాటించండి.