హాస్టల్ మెస్, చేతిలో తక్కువ డబ్బులు: విద్యార్థులు బరువు తగ్గేదెలా?

ఇంటర్ వరకు ఇంటి దగ్గర చదివి, డిగ్రీకో బీటెక్‌కో హైదరాబాద్, విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్లకు వచ్చిన పిల్లలు మొదటి సెలవులకు ఇంటికెళ్లేసరికి బరువు పెరిగి కనిపించడం చాలా కుటుంబాల్లో చూస్తున్నదే. క్లాసులు, ల్యాబులు, కొందరికి సాయంత్రం పార్ట్‌టైమ్ పని. జిమ్‌కు నెలనెలా ఫీజు కట్టే స్తోమత అందరికీ ఉండదు. డైట్ పేరుతో ఓట్స్, అవకాడో, ప్రొటీన్ పౌడర్ కొనమని ఫోన్‌లో వచ్చే సలహాలు నెల ఖర్చులో సగం మింగేస్తాయి. దాంతో "మనవల్ల కాదులే" అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇది అందం గురించిన గొడవ మాత్రమే కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు ఉన్నవారు తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. షుగర్, బీపీ ఇంట్లో ఇప్పటికే ఉన్న కుటుంబాల్లో పిల్లలకు ఇరవై ఏళ్ల వయసులో పెరిగిన బరువు ముప్పై దాటాక జబ్బుగా మారే ప్రమాదం ఎక్కువ. అబ్బాకో దాదీకో షుగర్ ఉందంటే ఆ ఇంటి పిల్లలు ఇంకాస్త ముందే జాగ్రత్తపడాలి.

అసలు తగ్గాల్సిన అవసరం ఉందా?

ముందు ఈ లెక్క తేల్చుకోవాలి. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. మనలాంటి ఆసియా దేశాల వాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఉదాహరణకు 168 సెంటీమీటర్ల ఎత్తు, 74 కిలోల బరువు ఉన్న అబ్బాయి బీఎంఐ 26 పైనే. అతను 23 లోపు రావాలంటే 65 కిలోలకు చేరాలి. కానీ మొదటి లక్ష్యం అంత పెద్దది పెట్టుకోనక్కర్లేదు. ఉన్న బరువులో 5 శాతం, అంటే ఇతనికి నాలుగు కిలోలకు కాస్త తక్కువ, తగ్గినా షుగర్, బీపీ మీద మంచి ప్రభావం కనిపిస్తుంది.

బీఎంఐతో పాటు నడుము కొలత కూడా చూసుకోవాలి. దర్జీ టేపుతో కొలిస్తే మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. సన్నగా కనిపించినా పొట్ట మాత్రం పెరిగిన వాళ్లు మనలో చాలామంది. వాళ్లకు ఈ కొలతే ముఖ్యం. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారితే అది మురికి అనుకుని రుద్దుతుంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయడం లేదనడానికి అది ఒక గుర్తు కావచ్చు. అలా ఉంటే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

జమా, ఖర్చు రెండూ చూడాలి

తిన్నది జమా, ఒళ్లు వాడుకున్నది ఖర్చు. మిగిలింది కొవ్వుగా డిపాజిట్ అవుతుంది. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 క్యాలరీల లోటు కావాలి. రోజుకు 500 చొప్పున తగ్గిస్తే కాగితం మీద వారానికి అరకిలో. నిజ జీవితంలో నెలకు కిలోన్నర, రెండు కిలోలు తగ్గితే బాగానే జరుగుతున్నట్టు. "పది రోజుల్లో పది కిలోలు" అనే ప్రకటనల్లో చూపించే బరువులో ఎక్కువ భాగం నీరే.

మరి ఆ 500 ఎక్కడ నుంచి తీయాలి? చాలామంది మెస్‌లో అన్నం మానేస్తారు. రాత్రి పదకొండుకు ఆకలేసి నూడుల్స్ తింటారు. లెక్క మొదటికొస్తుంది. అసలు లీకేజీ భోజనంలో కన్నా సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మధ్య, కాలేజీ గేటు బయట ఎక్కువగా ఉంటుంది.

ఒక మామూలు సాయంత్రం చూద్దాం. చిక్కటి పాలతో, రెండు చెంచాల చక్కెరతో రెండు ఛాయ్‌లు తాగితే 200 క్యాలరీల దాకా. రెండు ఉస్మానియా బిస్కెట్లు మరో 150. ఒక పెద్ద సమోసా 250కి అటూ ఇటూ. మొత్తం 600. డబ్బుల్లో చూస్తే రోజుకు 60 రూపాయలు అనుకున్నా నెలకు 1800. కడుపు నిండిందా అంటే అదీ లేదు, రాత్రి మళ్లీ ఆకలే.

ఇప్పుడు దీన్నే మార్చి చూద్దాం. చక్కెర తగ్గించిన ఒక ఛాయ్ 80 క్యాలరీలు, గుప్పెడు వేయించిన శనగలు, అంటే 50 గ్రాములు, 180. ఉడికించిన గుడ్లు రెండు 140. మొత్తం 400. ఖర్చు 40 నుంచి 45 రూపాయలు. నెలకు 450 రూపాయలకు తక్కువ కాకుండా మిగులుతుంది. శనగలు, గుడ్లు కలిపి 20 గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తుంది కాబట్టి రాత్రి భోజనం దాకా ఆకలి ఆగుతుంది. దీనికి తోడు మధ్యాహ్నం అన్నంలో ఒక పెద్ద గరిటె, అంటే 100 గ్రాములు తగ్గిస్తే ఇంకో 130. అరగంట చురుగ్గా నడిస్తే మరో 130 దాకా. మొత్తం లోటు 450 దాటింది. ఏ పౌడరూ కొనలేదు, ఏ పూటా పస్తుండలేదు.

మెస్ ప్లేటులోనే మార్పు

మెస్ మెనూ మార్చడం మన చేతిలో ఉండదు. ప్లేటులో వడ్డించుకునే వరుస మాత్రం మన చేతిలోనే ఉంది. ముందు కూర, పప్పు తీసుకుని, ఆ తర్వాత అన్నం పెట్టుకుంటే అన్నం తనంతట తానే తగ్గుతుంది. పప్పు రెండోసారి అడగండి, అన్నం వద్దు. సాంబారులో ముక్కలు వేయించుకోండి. పెరుగు ఉంటే వదలొద్దు. అప్పడం, వేపుడు రోజూ కాకుండా వారానికి రెండు రోజులు చాలు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోలకు 54 గ్రాములు. ఇది చికెన్ రోజూ తింటేనే వస్తుందన్నది అపోహ. రెండు గుడ్లకు 12, రెండు కప్పుల పప్పుకు 14, 50 గ్రాముల శనగలకు 10, పెద్ద కప్పు పెరుగుకు 6, మిగతాది అన్నం, రొట్టెల నుంచే వచ్చేస్తుంది. చవక సరుకు కావాలంటే మీల్ మేకర్ ఉంది. 30 గ్రాముల మీల్ మేకర్‌లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రూమ్ తీసుకుని వండుకునే పిల్లలు వేడినీళ్లలో నానబెట్టి, పిండి, టమాటాతో వండుకుంటే పది నిమిషాల పని.

వండుకునే వీలు లేని హాస్టళ్లలో వేయించిన శనగలు, పుట్నాలు, అరటిపండు, జామకాయ ఉన్నాయి. పల్లీలు మంచివే, కానీ 100 గ్రాములకు 550 క్యాలరీలు దాటతాయి కాబట్టి చిన్న గుప్పెడుతో ఆపాలి.

రోజు మరీ కష్టంగా గడుస్తున్న పిల్లలకు హైదరాబాద్‌లో ఐదు రూపాయల భోజన కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు ఉన్నాయి. అక్కడ తిన్నా అన్నం కొంచెం తక్కువ పెట్టించుకుని, ఒక గుడ్డు విడిగా తింటే మంచి భోజనమే అవుతుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కూల్‌డ్రింక్ విషయం ఒక్క ముక్కలో చెప్పుకోవచ్చు. 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర, అంటే ఐదు చెంచాలు. రోజు మొత్తానికి అంతకు మించకపోతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి అంతే. బిర్యానీ మానేయాల్సిన పని లేదు. ఒక ప్లేటు ఇద్దరు పంచుకుని, పక్కన రైతా, ఉల్లిపాయ, కీరా ఎక్కువ తీసుకుంటే రుచీ ఉంటుంది, జేబూ మిగులుతుంది.

టైమ్ లేదన్నవాళ్లకు

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలి. ఒకేసారి చేయనక్కర్లేదు. ఉదయం పది, సాయంత్రం పదిహేను నిమిషాలు అయినా లెక్కలోకి వస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. వెలుగు ఉన్న వేళ ఒక స్టాప్ ముందే దిగి నడిస్తే అమ్మాయిలకు రూపాయి ఖర్చు లేదు. బయట నడవడం కుదరని వాళ్లకు మిద్దె మీద నడక, మెట్లు ఎక్కి దిగడం ఉన్నాయి. వారానికి రెండు రోజులు గదిలోనే గుంజీలు, గోడకు చేతులు ఆనించి చేసే పుషప్‌లు చేస్తే కండ తగ్గకుండా ఉంటుంది.

నిద్ర కూడా లెక్కే. పరీక్షల ముందు రాత్రి రెండింటి దాకా మేల్కొంటే మర్నాడు ఆకలి, తీపి మీద కోరిక పెరుగుతాయి. ఏడు గంటల నిద్ర బరువు తగ్గించే పనిలో భాగమే, సోమరితనం కాదు.

అమ్మాయిల విషయంలో

సంబంధం కుదిరింది, మూడు నెలల్లో పదిహేను కిలోలు తగ్గాలి అంటూ ఒక పూట తిండికి దిగే అమ్మాయిలు ఉన్నారు. ఇక్కడే ప్రమాదం. అదే సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం. రక్తం ముందే తక్కువ ఉన్న ఒంటిని పస్తు పెడితే కళ్లు తిరగడం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం జరుగుతాయి. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనం అయిన వెంటనే ఛాయ్ తాగకపోవడం వల్ల ఐరన్ ఒంటికి బాగా పడుతుంది.

దావత్‌లో నలుగురి ముందు "మోటీ అయిపోయావ్" అని ఖాలా అన్న మాట పిల్లకు వారం రోజులు నిద్ర పట్టనివ్వదు. ఆ మాటతో ఎవరూ సన్నబడరు. దాచుకుని తినడం, లేదా అసలు తినకపోవడం మొదలవుతుంది.

రంజాన్‌లో

నెల రోజులు రోజా ఉన్నా చాలామంది బరువు తగ్గరు, కొందరు పెరుగుతారు. కారణం ఇఫ్తార్‌లో పకోడీ, సమోసా, చక్కెర షర్బత్, ఆపైన హలీం. రెండు మూడు ఖర్జూరాలు, నీళ్లు, పండ్లు, శనగల చాట్‌తో రోజా విప్పి, నమాజ్ తర్వాత మామూలు భోజనం చేస్తే సరిపోతుంది. సహ్రీలో గుడ్డు, పెరుగు, రొట్టె ఉంటే మధ్యాహ్నం క్లాసులో నీరసం తక్కువ.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు?

తిండి తగ్గించినా బరువు పెరుగుతుంటే, నెలసరి సరిగ్గా రాకపోతే, విపరీతమైన అలసట ఉంటే థైరాయిడ్, పీసీఓఎస్, షుగర్ పరీక్షలు అవసరం. తెలంగాణ బస్తీ దవాఖానాల్లో డాక్టరు ఉచితంగా చూస్తారు, రక్తపరీక్షలకు నమూనా కూడా తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లవచ్చు. కొవ్వు కరిగించే టీ, ఆకుల పొడి, బెల్టుల మీద డబ్బు పెట్టే ముందు ఈ పరీక్ష చేయించుకోవాలి.

ఇంటివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. సెలవులకు వచ్చిన బిడ్డ తిరిగి వెళ్లేటప్పుడు బ్యాగులో మిఠాయి డబ్బాతో పాటు కిలో వేయించిన శనగలు కట్టివ్వండి. ఇంట్లో నూనె మనిషికి రోజుకు 20–25 గ్రాములు, అంటే నలుగురికి నెలకు మూడు లీటర్లు దాటకుండా చూసుకోండి. నెలకోసారి ఒకే రోజు, ఒకే తూకం మీద బరువు చూసి రాసుకోమనండి. ఒక నెల తగ్గకపోయినా తిట్టొద్దు. సాయంత్రం ఏం తింటున్నారో ఒక్కసారి అడిగితే చాలు, లెక్క ఎక్కడ తప్పిందో వాళ్లకే తెలిసిపోతుంది.