చెవి తీర్చాల్సిన బాకీ

తరగతి గదిలో ‘పే అటెన్షన్’ అన్న గద్దింపు వినకుండా పెద్దయిన పిల్లలు ఇవాళ మన ఊళ్ళలో తక్కువ. తెలుగులో మనం ధ్యాస పెడతాం, మనసు పెడతాం, చెవి ఒగ్గుతాం. అక్కర్లేదనుకుంటే పెడచెవిన పెడతాం. ఇంగ్లిష్‌లో మాత్రం ధ్యాసను చెల్లిస్తారు. సెల్‌ఫోన్ తెరలు మన చూపు కోసం కొట్టుకుంటున్న ఈ కాలంలో ఆ నుడికారానికి ఒక వ్యాఖ్యానం బాగా పాకింది: ధ్యాస కూడా డబ్బే, అందుకే ‘పే’ అన్నారు అని. ఆ మాటకు ఇది అన్యాయం చేస్తోందని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఇంగ్లిష్‌లో ‘పే’ ఇంకా దేనితో జతకడుతుందో చూడండి. ఒకరిని చూడబోతే ‘పే ఎ విజిట్’, మెచ్చుకుంటే ‘పే ఎ కాంప్లిమెంట్’, కన్నుమూసినవారికి దండం పెడితే ‘పే రెస్పెక్ట్స్’. వీటిలో ఎక్కడా రొక్కం చేతులు మారదు. ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘పాకారే’, అంటే శాంతపరచడం. అప్పిచ్చినవాణ్ణి శాంతపరచడమంటే బాకీ తీర్చడమే కనుక, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కు వచ్చేసరికి ఆ అర్థం స్థిరపడింది. ఇక ‘అటెన్షన్’ మూలమైన ‘అటెండెరె’కు ఒకవైపుకు సాచడం అని అర్థం. రెండూ కలిపితే, ఎదుటివారికి రావాల్సినదాన్ని వాళ్ళవైపు చాచి ఇవ్వడం. మనకిది కొత్తేం కాదు. తిరుమలలో తలనీలాలిచ్చే భక్తుడు మొక్కు ‘చెల్లిస్తాడు’. అక్కడ బేరం ఏముంది? అనుకున్న మాట తీర్చుకుంటున్నాడు, అంతే. ‘పే ట్రిబ్యూట్’ను మన పత్రికలు ‘నివాళులర్పించారు’ అని రాస్తూనే ఉన్నాయి.

ధ్యాసకు పరిమితి ఉందిగా, మరి డబ్బుతో పోలిస్తే తప్పేమిటని అడగవచ్చు. సమాచారం పెరిగేకొద్దీ ధ్యాసకు కరువొస్తుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే చెప్పాడు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే మనస్తత్వవేత్తలు ప్రచురించిన ప్రయోగం మరీ కళ్ళు తెరిపిస్తుంది. వీడియోలో తెల్లచొక్కాల జట్టు బంతిని ఎన్నిసార్లు అందించుకుందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం ఆటగాళ్ళ నడుమకు నడిచొచ్చి, కెమెరా వైపు తిరిగి, గుండెలు బాదుకుని వెళ్ళిపోయింది. దాదాపు సగం మందికి అది కనబడనేలేదు! పరిమితి నిజమే. కానీ ఒంట్లో రక్తానికీ పరిమితి ఉంది; దాన్ని ఇవ్వడాన్ని మనం దానమనే అంటున్నాం. కొరత ఉన్నంతమాత్రాన ప్రతిదీ అంగడి సరుకైపోదు.

స్పానిష్‌లో ధ్యాసను అరువిస్తారు, జర్మన్‌లో కానుకగా ఇస్తారు. ఇవన్నీ అలవాటు మాటలే, తవ్వి ఏం లాభమనేవారూ ఉన్నారు. మాట్లాడేటప్పుడు ఎవరూ మూలాలు తలచుకోరు, ఒప్పుకుంటాను. అయితే చెల్లింపు అన్నాక ఎవరికి బాకీపడ్డామన్న ప్రశ్న వస్తుంది. డబ్బు అర్థమే పట్టుకుంటే ఎక్కువ ఆశ చూపినవాడికే మన చెవి. బాకీ అర్థంలో చూస్తే, అడగకుండా తెరమీద దూకే ప్రకటనకు మనం పైసా ధ్యాస కూడా బాకీపడలేదు. డాక్టరు ఎదుట కూర్చుని, నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో చెప్పడానికి మాటలు తడుముకుంటున్న ముసలమ్మకు మాత్రం, ఆ డాక్టరు బాకీపడి ఉన్నాడు.