సూర్యుని పొయ్యి – గృహిణి లెక్క

నల్లగొండ, పాలమూరు సీమలలో కృష్ణానది లోయలో బారును; పొలములు మెట్టమీద నుండును. కావున నిచ్చట నీరనగా విద్యుచ్ఛక్తియే. కల్వకుర్తి ఎత్తిపోతల పథకమున శ్రీశైల జలాశయపు నీటిని ఎల్లూరు, జొన్నలబొగడ, గుడిపల్లిగట్టు అను మూడు తావులందు అంచెలంచెలుగా మీది కెత్తుచున్నారు. పుట్టంగండి యొద్ద యంత్రములు నాగార్జునసాగరపు నీటిని అక్కంపల్లి జలాశయమునకు జేర్చుచున్నవి. ఫ్లోరైడు కలిసిన బావినీటివలన ఎముకలు వంగిన తల్లులను, బిడ్డలను జూచిన యీ సీమలో నదీజలము కుళాయికి వచ్చుట యెంత భాగ్యమో చెప్ప నక్కఱలేదు. ఆ భాగ్యము విద్యుత్తు వెలపై నాధారపడి యున్నది. అందుచేత, సూర్యునిలోని శక్తిని భూమిపైనే పుట్టింతురను వార్తలు పత్రికలలో గానవచ్చినపుడు సోదరీమణులు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: యూనిట్టు ఎంతకు బడును?

పరమాణుశక్తి యనగానే మనవారికి యురేనియము స్ఫురించును. నల్లగొండ సీమలోని లంబాపురము, పెద్దగట్టు ప్రాంతమందు ఆ ఖనిజము కలదు. నల్లమలలో దానిని ద్రవ్వరాదని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానించినది. యురేనియముతో జేయునది పెద్ద కేంద్రకమును జీల్చుట. ఇపుడు చెప్పుకొనుచున్నది దానికి విపరీతము. రెండు చిన్న కేంద్రకముల నొకటిగా గలుపుట. దీనిని కేంద్రక సంలీన మందురు. సూర్యుడు వెలుగుట యిందుచేతనే. ఇందుకు వలయు డ్యుటీరియము నీటియందే యున్నది. మన మణుగూరు కర్మాగారము దానిని భారజల రూపమున వేఱుచేయుచున్నది. రెండవదగు ట్రిటియమును లిథియమునుండి యంత్రములోనే పుట్టించుకొనవలయును. ఇంధనము మిక్కిలి కొలదిగా జాలును.

ఇది కేవలము కలయా? కాదు. 2022 డిసెంబరు 5వ తేదీన కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలయందు 20.5 లక్షల జౌలుల లేసరు కాంతిని ఇంధనపు గుళికపై బ్రయోగింపగా 31.5 లక్షల జౌలుల శక్తి వెలువడినది. శాస్త్రమునకిది గొప్ప విజయము. కాని మన మీటరులో నొక యూనిట్టనగా 36 లక్షల జౌలులు. వచ్చినది యూనిట్టుకంటె దక్కువ. ఆ లేసరులను వెలిగించుటకైన వ్యయము సుమారు 30 కోట్ల జౌలులు, అనగా 80కి పైగా యూనిట్టులు! ఈ లెక్క గృహిణికి వెంటనే బోధపడును.

ఇంధనము చవుకయైనంత మాత్రమున విద్యుత్తు చవుక కాదు. నాగార్జునసాగరపు నీటికి వెల యేమున్నది? అయినను 1955లో శంకుస్థాపన మైన ఆ ఆనకట్టనుండి కాలువలకు నీరు వదలినది 1967లో. అన్ని యేండ్లు ధనమును, శ్రమను ముందుగా ధారవోయవలసి వచ్చినది. దామరచర్లయొద్ద 800 మెగావాట్టుల యంత్రములు అయిదింటితో సంకల్పించిన యాదాద్రి తాప విద్యుత్కేంద్రమున కట్లుకాదు. దానికి కట్టడపు వ్యయముతోపాటు దినదినము బొగ్గు వలయును. ఒక యింట కట్టెలు ఉచితము, పొయ్యి అప్పుచేసి కొన్నది. వేఱొక యింట పొయ్యి చవుక, కట్టెలు ప్రియము. సంలీన కేంద్రము మొదటి యింటివంటిది.

కావున దానిని రూపొందించు శాస్త్రజ్ఞులు నాలుగు విషయములు చూచుకొనవలయును. మొదటిది, కట్టడపు ఖర్చు. రెండవది, కట్టుటకు బట్టు కాలము. ఆలస్యమైన కొలది వడ్డీ పెరుగును. మూడవది, ఏడాదిలో యంత్రము నడచు దినములు. సంలీనమున బుట్టు న్యూట్రానులు లోపలి గోడలను దెబ్బతీయును. వానిని మార్చునపుడెల్ల యంత్ర మాగును గాని వడ్డీ యాగదు. ఏటికి 300 దినములు నడువవలసినది 150 దినములే నడచినచో, ఆ మొదటి వ్యయములో యూనిట్టుకు బడు పాలు రెట్టింపగును. నాలుగవది, యంత్రపు సొంత వాడుక. అయస్కాంతములకు, శీతలీకరణమునకు బోగా మిగిలినదే అమ్మకమునకు వచ్చును. అందుకే బలమైన అయస్కాంతములతో యంత్రమును జిన్నదిగా జేయుటకు, గోడల పలకలను ద్వరగా మార్చు వీలు కల్పించుటకు నిపుణులు పాటుపడుచున్నారు.

ఫ్రాన్సుదేశమున నిర్మాణమందున్న ఐటర్ అను మహాయంత్రమున భారతదేశ మేడు భాగస్వాములలో నొకటి. దాని క్రయోస్టాటు అను బృహత్పాత్రకు వలయు భాగములు గుజరాతులోని హజీరాలో తయారైనవి. అందు 15 కోట్ల డిగ్రీల వేడి నిలుపవలయును. 50 మెగావాట్టుల తాపము నిచ్చి 500 రాబట్టుట దాని లక్ష్యము. అయినను అది విద్యుత్తు నమ్ముటకు గట్టినది కాదు. 2024లో సవరించిన అంచనా ప్రకారము పూర్తి ఇంధనముతో నడచుటకు 2039 వఱకు వేచియుండవలయును.

ఈలోగా పోటీదారు కూర్చుండలేదు. ఆకాశమందలి సూర్యుడే యా పోటీదారు! రాజస్థానమున 2017లోనే యూనిట్టు 2 రూపాయల 44 పైసలకు సౌరవిద్యుత్తు నిచ్చుటకు బాట వేసిరి. రాత్రి మాటేమందురా? నాగార్జునసాగరమున 8 యంత్రములలో 7, శ్రీశైలము ఎడమగట్టున 6 యంత్రములును నీటిని వెనుకకు దోడి, మరల విద్యుత్తు దీయుటకు వీలుగా నిర్మింపబడినవి. పగటి యెండను నీటి రూపమున దాచుకొను ఉపాయము మన సీమలోనే యున్నదన్నమాట. సంలీన విద్యుత్తు ఎండతోను, యీ నీటి నిలువతోను వెలలో బోటీపడవలయును. ముసురుపట్టి యెండ కనబడని వారములలో దాని యవసరము కనబడవచ్చును.

సోదరీమణులారా! విజ్ఞానమును గౌరవింతము, బిడ్డలకు జెప్పుదము. కాని అంతు లేని ఇంధనమను మాటకు మురిసిపోక, పొయ్యి వెల యెంత, వడ్డీ యెంత, ఏటికెన్ని దినములు మండునని యడుగుదము. మెట్టపొలమునకు, మంచినీటి బిందెకు జవాబు చెప్పవలసినది ఆ లెక్కయే.