డిజిటల్ ఆర్ట్ మొదలుపెడుతున్నారా? మీ డివైజ్‌కి, మీ బడ్జెట్‌కి సరిపోయే సాఫ్ట్‌వేర్ ఇలా ఎంచుకోండి

"డిజిటల్ ఆర్ట్‌కి ఏ సాఫ్ట్‌వేర్ బెస్ట్?" అని నలుగురిని అడిగి చూడండి. ఐప్యాడ్ ఉన్నవాళ్లు ప్రోక్రియేట్ అంటారు. డిజైనర్‌గా జాబ్ చేసేవాళ్లు ఫొటోషాప్ అంటారు. ఫోన్‌లో గీసేవాళ్లు ఐబిస్ పెయింట్ అంటారు. ఎవరూ తప్పు చెప్పట్లేదు. కాకపోతే ఎవరి డివైజ్‌కి, ఎవరి పనికి సరిపోయింది వాళ్లు చెబుతున్నారు.

అందుకే మీరు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. నా దగ్గర ఏ డివైజ్ ఉంది? నేను ఏం గీయాలనుకుంటున్నాను? రేపు డబ్బులు కట్టడం ఆపేస్తే నా బొమ్మలు నాకు ఓపెన్ అవుతాయా? మూడో ప్రశ్నని చాలామంది పట్టించుకోరు. ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. వరసగా చూద్దాం.

ముందు మీ చేతిలో ఉన్న డివైజ్ చూడండి

యాప్ నచ్చిందని డివైజ్ కొనడం కన్నా, ఉన్న డివైజ్‌లో ఏది బాగా నడుస్తుందో చూడటం తెలివైన పని.

- ఆండ్రాయిడ్ ఫోన్: ఐబిస్ పెయింట్ ఎక్స్, మెడిబ్యాంగ్ పెయింట్, స్కెచ్‌బుక్ ఫ్రీగా దొరుకుతాయి. ఐబిస్ పెయింట్‌లో లేయర్లు, బ్రష్‌లు చాలానే ఉంటాయి. మీరు గీసిన ప్రాసెస్ వీడియోగా కూడా రికార్డ్ అవుతుంది, రీల్స్ చేసేవాళ్లకి ఇది ప్లస్. మైనస్ ఏంటంటే యాడ్స్. కొన్ని బ్రష్‌లు యాడ్ చూస్తేనే ఓపెన్ అవుతాయి.
- ఆండ్రాయిడ్ ట్యాబ్: పై యాప్స్‌తో పాటు క్రిటా, క్లిప్ స్టూడియో పెయింట్ కూడా ట్రై చేయొచ్చు. క్రిటా మెనూలు పెద్ద స్క్రీన్ కోసం చేసినవి, ఫోన్‌కి సెట్ కావు.
- ఐప్యాడ్: ప్రోక్రియేట్ ఐప్యాడ్ కోసమే తయారైన యాప్, ఆండ్రాయిడ్‌లో గానీ విండోస్‌లో గానీ రాదు. అడోబ్ ఫ్రెస్కో కూడా ఉంది. 2024 అక్టోబర్ నుంచి దాని ప్రీమియం ఫీచర్స్ కూడా ఫ్రీ అయ్యాయి.
- ల్యాప్‌టాప్ లేదా పీసీ: క్రిటాతో మొదలుపెట్టండి. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది, పూర్తిగా ఫ్రీ, ఓపెన్ సోర్స్. స్టీమ్‌లో, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దానికి ధర కనిపిస్తే కంగారుపడకండి. అది డెవలపర్లకి సపోర్ట్‌గా ఇచ్చే డబ్బు. అఫీషియల్ వెబ్‌సైట్‌లో అదే సాఫ్ట్‌వేర్ ఉచితం.

ర్యామ్ ఎంత కావాలి? ఒక చిన్న లెక్క

ప్రింట్‌కి పనికొచ్చే ఏ4 బొమ్మ 300 డీపీఐలో 2480 × 3508 పిక్సెల్స్ ఉంటుంది. మామూలు 8 బిట్ కలర్‌లో ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. అంటే ఒక ఫుల్ లేయర్‌కి దాదాపు 35 ఎంబీ. 30 లేయర్లు పెడితే 1 జీబీ దాటిపోతుంది. యాప్స్ కంప్రెస్ చేసి కొంత తగ్గిస్తాయి గానీ, 4 జీబీ ర్యామ్ ఫోన్ ఇక్కడ ఆయాసపడటం ఖాయం.

అదే ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్ కోసం 1080 × 1350 కాన్వాస్ తీసుకుంటే ఒక లేయర్‌కి 6 ఎంబీ కూడా పట్టదు. కాబట్టి యాప్ హ్యాంగ్ అవుతుందని తిట్టే ముందు కాన్వాస్ సైజ్ చూసుకోండి. ప్రోక్రియేట్‌లో కూడా కాన్వాస్ పెరిగేకొద్దీ లేయర్ల లిమిట్ తగ్గుతుంది. ఆ లిమిట్ మీ ఐప్యాడ్ ర్యామ్‌ని బట్టి ఉంటుంది.

డబ్బులు ముందు పెన్‌కి పెట్టండి

మా సలహా సూటిగా ఇదే: మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టకపోయినా ఫర్వాలేదు, ప్రెషర్ తెలిసే పెన్ మాత్రం ఉండాలి. గట్టిగా నొక్కితే గీత లావుగా, తేలిగ్గా పట్టుకుంటే సన్నగా రావడమే ప్రెషర్ సెన్సిటివిటీ. ఇది లేకపోతే ఎంత ఖరీదైన యాప్‌లోనైనా నొక్కే బలాన్ని బట్టి గీత మందం మారదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే రబ్బర్ టిప్ స్టైలస్‌లకి ప్రెషర్ తెలీదు, అవి వేలికి బదులు పనిచేస్తాయి అంతే. శాంసంగ్ ఎస్ పెన్‌కి ప్రెషర్ ఉంది, గీయడానికి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు. ఐప్యాడ్ కొనేవాళ్లు ఇక్కడ జాగ్రత్త: యూఎస్‌బీ-సీ ఆపిల్ పెన్సిల్‌కి ప్రెషర్ సెన్సిటివిటీ లేదు. ధర తక్కువని అది తీసుకుంటే ఆర్ట్‌కి నిరాశే. ఏ పెన్సిల్ ఏ ఐప్యాడ్‌కి సపోర్ట్ చేస్తుందో చూసి కొనండి.

ల్యాప్‌టాప్ ఉంటే స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ బెస్ట్ వాల్యూ. వాకమ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ కంపెనీలు ఇవి చేస్తున్నాయి. వీటిలో కొన్ని మోడల్స్ ఆండ్రాయిడ్ ఫోన్‌కి కూడా కనెక్ట్ అవుతాయి.

ఏం గీయాలనుకుంటున్నారు?

- పెయింటింగ్, పోర్ట్రెయిట్స్, ఫ్యాన్ ఆర్ట్: క్రిటా, ప్రోక్రియేట్, ఐబిస్ పెయింట్. ఏదైనా సరిపోతుంది.
- కామిక్స్, మాంగా: క్లిప్ స్టూడియో పెయింట్‌కి ఇక్కడ పోటీ తక్కువ. ప్యానెల్స్, స్పీచ్ బబుల్స్, పోజ్ మార్చుకునే 3డీ బొమ్మలు అన్నీ ఉంటాయి. ఒకే ఫైల్‌లో ఎక్కువ పేజీలు కావాలంటే ఈఎక్స్ వెర్షన్ తీసుకోవాలి, ప్రో వెర్షన్ చాలదు.
- లోగోలు, స్టిక్కర్లు, టీషర్ట్ డిజైన్లు: వీటికి వెక్టర్ సాఫ్ట్‌వేర్ కావాలి. ఎంత పెద్దది చేసినా వెక్టర్ బొమ్మ మసకబారదు. ఇంక్‌స్కేప్ ఫ్రీ.
- యానిమేషన్: ఫ్రేమ్ బై ఫ్రేమ్ నేర్చుకోవడానికి క్రిటా చాలు. తర్వాత బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్‌కి వెళ్లొచ్చు. ఫ్రీ అంటే నాసిరకం అనుకోకండి. 2025లో బెస్ట్ యానిమేటెడ్ ఫీచర్ ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' సినిమా బ్లెండర్‌లో చేసిందే.
- ప్రింటింగ్ ప్రెస్‌కి ఇచ్చే పని: సీఎంవైకే సపోర్ట్ ఉందో లేదో చూసుకోండి. స్క్రీన్ మీద మెరిసే రంగు కాగితం మీద డల్‌గా రావడానికి తరచూ ఇదే కారణం. క్రిటాలో, ఫొటోషాప్‌లో సీఎంవైకే మోడ్ ఉంది.

ధర చూసేటప్పుడు మూడేళ్ల లెక్క వేయండి

సాఫ్ట్‌వేర్ మూడు రకాలుగా అమ్ముతారు: ఫ్రీ, ఒక్కసారి కొనేది, సబ్‌స్క్రిప్షన్. నెలకి 500 రూపాయలు అంటే చిన్న మొత్తంలా అనిపిస్తుంది. మూడేళ్లకి అది 18,000. ఆ డబ్బుతో మంచి పెన్ ట్యాబ్లెట్ కొన్నా ఇంకా మిగులుతుంది.

ప్రోక్రియేట్ ఒక్కసారి కొంటే చాలు, అమెరికాలో ధర 12.99 డాలర్లు. ఫొటోషాప్ పూర్తిగా సబ్‌స్క్రిప్షన్. క్లిప్ స్టూడియోని పీసీలో ఒక్కసారి కొనొచ్చు, ట్యాబ్‌లో, ఫోన్‌లో మాత్రం ప్లాన్ తీసుకోవాలి. ఒక్కసారి కొన్నంత మాత్రాన కొత్త ఫీచర్లన్నీ ఎప్పటికీ ఫ్రీగా రావు. 2023లో వెర్షన్ 2 వచ్చాక క్లిప్ స్టూడియో ఈ పద్ధతి మార్చింది.

సబ్‌స్క్రిప్షన్ తీసుకునేవాళ్లు రెండు విషయాలు చదవాలి: రెన్యువల్ ధర ఎంత, మధ్యలో క్యాన్సిల్ చేస్తే ఫీజు ఉందా. నెలనెలా కట్టే ప్లాన్ లోపల ఏడాది ఒప్పందం ఉండొచ్చు. క్యాన్సిలేషన్ ఫీజు సరిగ్గా చెప్పలేదని ఆరోపిస్తూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబ్ మీద కేసు కూడా వేసింది.

ఇక క్రాక్ వెర్షన్ల సంగతి. వాటితో మాల్‌వేర్ రిస్క్ ఎప్పుడూ ఉంటుంది. అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంక్ లాగిన్ కూడా ఉంటుందని మర్చిపోకండి. ఇన్ని ఫ్రీ ఆప్షన్స్ ఉండగా ఆ అవసరమే లేదు.

మీ ఫైల్ మీ చేతిలో ఉందా?

మూడో ప్రశ్న ఇదే. ప్రతి యాప్‌కి సొంత ఫైల్ ఫార్మాట్ ఉంటుంది. రెండేళ్లు గీసిన బొమ్మలన్నీ ఆ ఫార్మాట్‌లోనే ఉండి, సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతే గానీ, ఐప్యాడ్ పాడైతే గానీ, లేయర్లతో సహా తెరిచే దారి ఉండకపోవచ్చు. క్లయింట్ వచ్చి "ఆ బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటి మార్చివ్వండి" అంటే ఏం చేస్తారు?

దీనికి పరిష్కారం సింపుల్. ప్రతి బొమ్మ పూర్తయ్యాక ఒక పీఎస్‌డీ కాపీ, ఒక పీఎన్‌జీ కాపీ తీసి డివైజ్ బయట దాచండి. ప్రోక్రియేట్, క్లిప్ స్టూడియో, ఐబిస్ పెయింట్, క్రిటా అన్నీ పీఎస్‌డీ ఇస్తాయి. లేయర్లు మరో యాప్‌లో తెరుచుకుంటాయి. కొన్ని ఎఫెక్ట్స్ మారొచ్చు కాబట్టి ఒక ఫైల్‌తో ముందే టెస్ట్ చేసుకోండి.

తెలుగు అక్షరాల టెస్ట్

కామిక్స్, పోస్టర్లు, మీమ్స్ చేసేవాళ్లు కొనే ముందు యాప్‌లో "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" అని టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోయి పక్కపక్కన వస్తే ఆ యాప్ తెలుగుకి పనికిరాదు. అలాంటప్పుడు ఇంక్‌స్కేప్‌లో టెక్స్ట్ రాసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తెచ్చుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, మల్లన్న లాంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

ఫైనల్‌గా ఏం తీసుకోవాలి?

- ఫోన్ మాత్రమే ఉంటే: ఐబిస్ పెయింట్ ఫ్రీ వెర్షన్. యాడ్స్ మరీ విసిగిస్తే అప్పుడు డబ్బులు కట్టండి.
- ల్యాప్‌టాప్ ఉంటే: క్రిటా, ఒక చిన్న పెన్ ట్యాబ్లెట్. స్టూడెంట్స్‌కి మా ఫస్ట్ ఛాయిస్ ఇదే.
- ఐప్యాడ్, ప్రెషర్ ఉన్న పెన్సిల్ ఉంటే: ప్రోక్రియేట్.
- సీరియస్‌గా కామిక్స్ చేస్తుంటే: క్లిప్ స్టూడియో. ముందు ఫ్రీ ట్రయల్ వాడండి.
- ఆఫీసో, క్లయింటో ఫొటోషాప్ ఫైల్సే అడుగుతుంటే: అప్పుడు ఫొటోషాప్. ఆ పని నుంచి వచ్చే డబ్బులోంచే సబ్‌స్క్రిప్షన్ కట్టండి.

ఒక యాప్ ఎంచుకున్నాక కనీసం మూడు నెలలు మార్చకండి. లేయర్లు, బ్లెండింగ్, లైటింగ్ ఒక చోట నేర్చుకుంటే ఎక్కడికి వెళ్లినా పనికొస్తాయి. ఈ యాప్‌లో ఈ పని అవ్వట్లేదు అని మీకు స్పష్టంగా తెలిసిన రోజున పర్సు తీయండి.