మీకు తెలుసా? జంతువుల ఊళ్లో మనుషుల తగువు

డిస్నీ 2016లో విడుదల చేసిన ‘జూటోపియా’ సినిమాలో మనిషన్నవాడే కనిపించడు. అయినా కథంతా మన గురించే!

● జిత్తులమారి నక్క, పిరికి కుందేలు అంటూ పుట్టుకను బట్టి వేసే ముద్రలే ఇందులో అసలు విలన్. పోలీసు కావాలనుకున్న కుందేలు జూడీకి మొదట దక్కింది పార్కింగ్ చలానాలు రాసే పని.

● ముందు అనుకున్న కథలో హీరో నక్క నిక్. వేటాడే జంతువులన్నీ షాక్ కొట్టే పట్టీలు మెడకు కట్టుకు తిరగాలి. అలాంటి ఊరిని ప్రేక్షకులు ఇష్టపడరనిపించి, విడుదలకు ఏడాదిన్నర ముందు కథను తిరగరాశారు. పట్టీలు పోయాయి, జూడీ ముందుకొచ్చింది.

● వివక్షను ఎదిరించే జూడీ కూడా నక్కలంటే భయంతో వాటిని తరిమే స్ప్రే వెంట పెట్టుకుంటుంది. మంచివాళ్లలోనూ పక్షపాతం దాగి ఉంటుందని చెప్పడమే ఈ సినిమా ప్రత్యేకత.

● ఈ ఊరి రైలుకు మూడు సైజుల తలుపులుంటాయి: ఎలుకకొకటి, ఏనుగుకొకటి, మధ్యరకానికొకటి.

● సినిమాలో టీవీ వార్తలు చదివే జంతువు అది విడుదలైన దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో మూస్ దుప్పి, చైనాలో పాండా, ఆస్ట్రేలియాలో కోలా, బ్రెజిల్‌లో జాగ్వార్!

● అన్ని జంతువులదీ అనిపించే ఈ ఊళ్లో ఉన్నవి క్షీరదాలే. పాములాంటి సరీసృపాలకు చోటు దక్కింది 2025లో వచ్చిన రెండో భాగంలోనే.

● మొదటి భాగం 2017లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకుంది.