మీకు తెలుసా? గాయం మానినా బెదురు మానకపోవచ్చు

రోడ్డు ప్రమాదంలో పిల్లవాడికి దెబ్బ చిన్నదైతే గండం గడిచిందనుకుంటాం. ఇంగ్లండ్‌లోని బాత్‌లో పిల్లలపై జరిగి, 1998లో వెలువడిన అధ్యయనం ఈ ధీమాను కుదిపేస్తుంది. రోడ్డు ప్రమాదాల బారిన పడిన 119 మందిలో 41 మందికి ఆరు వారాల తర్వాత కూడా మానసిక ఆఘాత రుగ్మత కనిపించింది. ఆటల్లో దెబ్బలు తగిలిన 66 మందిలో అది ఇద్దరికే. గాయం తీరుకూ దీనికీ సంబంధం తేలలేదు. ‘చచ్చిపోతానేమో’ అని ఆ క్షణాన బిడ్డకు అనిపించిందా అన్నది కీలకమైన అంశాల్లో ఒకటిగా తేలింది.

పసివాళ్లు, మరిచిపోతారులే అనవచ్చు. నిజమే, చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కోలుకోనివారిలో మాత్రం ‘నేనిక మునుపటిలా ఉండలేను, ఎక్కడా భద్రత లేదు’ అన్న ఆలోచన పాతుకుపోతుంది. పుస్తకం ముందున్నా మనసు రోడ్డు మీదే ఉంటుంది. దాన్ని మొండితనమనో బద్ధకమనో అనుకోవడం ఆ బిడ్డకు అన్యాయం. ఆ ఆలోచనలనే నెమ్మదిగా మార్చే మానసిక చికిత్స పిల్లల్లో మంచి ఫలితాలిస్తోంది.